వేపగింజ, పొగాకు, చామంతి: దోమ డింభకాల నియంత్రణలో మొక్కల సారాల చరిత్ర

గుంటూరులో ఏ పురుగుమందుల కొట్టుకైనా వెళ్లి "దోమకు మందు కావాలి" అని అడిగి చూడండి. కొట్టతను "పచ్చదోమకా, తెల్లదోమకా?" అని ఎదురు అడుగుతాడు. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి ప్రాంతంలో దోమ అన్న మాటకు మొదటి అర్థం ఆకు అడుగున చేరి రసం పీల్చే పురుగు. రాత్రి మంచం దగ్గర చెవిలో పాడే దోమ ఆ తరువాతే. భాషలో కలిసిపోయిన ఈ రెండు దోమలూ మందుల చరిత్రలో కూడా కలిసే నడిచాయి. మొక్కల నుంచి తీసిన సారాలతో దోమ డింభకాలను, అంటే నీటిలో ఈదే లార్వాలను, చంపే ప్రయత్నాలు ఎక్కడ మొదలయ్యాయి, మధ్యలో ఎందుకు వెనకబడ్డాయి, మళ్లీ ఎందుకు ముందుకొచ్చాయి అన్నది ఈ పాఠంలో మీరు చదువుతారు. ఇది జంతుశాస్త్ర పాఠం కాదు, చరిత్ర పాఠం. కాబట్టి ఏ మందు ఎంత పనిచేసింది అన్నదానితో పాటు, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా చూడాలి.

పాఠం పొడవునా తుళ్లూరును గుర్తుపెట్టుకోండి. గుంటూరు నుంచి లాం, తాడికొండల మీదుగా తుళ్లూరు వెళ్లే దారిలో వానాకాలం చివర రెండు రకాల నిలవ నీళ్లు కనిపిస్తాయి. పొంగి తగ్గిన కొండవీటి వాగు పక్క మడుగులు, నల్లరేగడి చేలలో ఇంకని నీరు పాతవి. 2015లో భూసమీకరణ కింద ముప్పై వేల ఎకరాలకు పైగా పొలాలు రాజధానికి ఇచ్చిన తరువాత వచ్చిన పునాది గోతులు, సగంలో ఆగిన కట్టడాలు, కూలీల గుడిసెల దగ్గర నీళ్ల డ్రమ్ములు కొత్తవి. ఒక్కో నీటికి ఒక్కో దోమ. కాలువ అంచుల్లో, తేట గుంటల్లో మలేరియా మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ పెరుగుతుంది. వరి మడుల్లో మెదడువాపు మోసే క్యూలెక్స్ జాతులు, మురుగు గుంటల్లో బోదకాలు మోసే మరో క్యూలెక్స్, డ్రమ్ములో, పాత టైరులో డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై. ఎగిరే దోమను వెంటాడటం కష్టం. డింభకం మాత్రం పుట్టిన గుంట దాటి పోలేదు. మన ఎండల్లో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మనకు దొరికే గడువు అంతే.

1. పొగ వేరు, నీరు వేరు

"మన పెద్దలు వేపతో దోమలను అదుపు చేశారు" అన్న మాట మీరు తరచు వింటుంటారు. చరిత్ర విద్యార్థిగా ఇక్కడ కాస్త ఆగాలి. ఏ దోమను? ఎక్కడ?

సుశ్రుత సంహిత దోమలను ఐదు రకాలుగా చెప్పింది, వాటి కాటు లక్షణాలనూ చెప్పింది. తెలుగు ఇళ్లలో సందెవేళ వేపాకు పొగ, సాంబ్రాణి ధూపం వేయడం, వావిలి ఆకు కాల్చడం ఇప్పటికీ ఉంది. ఇవన్నీ ఎగిరే దోమను తరిమే పద్ధతులు. ధాన్యం గాదెల్లో వేపాకు, వావిలాకు వేశారు. పేలకు సీతాఫలం గింజల పొడి రాశారు (కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉన్నా). మెట్ట పొలాల గట్ల మీద పెరిగే వెంపలిని దంచి మడుగులో కలిపి చేపలకు మత్తెక్కించి పట్టిన జనాలూ ఉన్నారు. అంటే నీటిలో కలిపితే నీటిలోని ప్రాణిని పడగొట్టే మొక్కలు ఉన్నాయన్న జ్ఞానం ఉంది. కానీ జ్వరం తగ్గాలంటే గుంటలోని పురుగును చంపాలన్న ఆలోచన రావడానికి జ్వరానికీ దోమకూ సంబంధం తెలియాలి. ఆ సంబంధం 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రుజువైంది. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమల్లో ఒకదాన్ని కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ చూశాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి మొక్కల సారంతో డింభకాలను చంపడం ప్రాచీన పద్ధతి అనడం తొందరపాటు. అందులో వాడే మొక్కలు పాతవి, వాటి గుణాల గురించిన అనుభవం పాతది. వాటిని గుంటలోని డింభకం మీద ప్రయోగించాలన్న ఉద్దేశం ఇరవయ్యో శతాబ్దానిది. ఈ తేడా గమనించకపోతే తరువాత జరిగినదంతా "పాత మంచి, కొత్త చెడు" అన్న కథగా మారిపోతుంది. అసలు కథ అంత సులువుగా లేదు.

2. కిరసనాయిలు నుంచి డీడీటీకి

డింభకం నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నీటి మీద నూనె పొర వేస్తే ఊపిరాడక చస్తుంది. అమెరికాలో ఎల్.ఓ. హోవర్డ్ 1892లోనే కిరసనాయిలుతో ఈ ప్రయోగం చేశాడు. రాస్ దీన్నే ప్రచారం చేశాడు: గుంటలు పూడ్చండి, కాలువలు సరిచేయండి, పూడ్చలేనిచోట నూనె వేయండి. 1902లో లాహోరు దగ్గర మియాన్‌మీర్ సైనిక స్థావరంలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. జ్వరాలు ఆశించినంత తగ్గలేదు. ప్రయోగం విఫలమైందని ప్రభుత్వ వైద్యులు, సరిగా చేయలేదని రాస్, ఏళ్ల తరబడి వాదించుకున్నారు. డింభకాల నియంత్రణకు భారతదేశంలో మొదటి చెడ్డపేరు అక్కడే వచ్చింది. 1921 నుంచి పారిస్ గ్రీన్ అనే ఆర్సెనిక్ పొడిని నీటి మీద చల్లడం మొదలైంది. అది చవక, కానీ విషం.

రెండో ప్రపంచ యుద్ధంతో ఇదంతా వెనక్కి పోయింది. 1939లో పాల్ మ్యూలర్ పురుగుమందుగా పనికొస్తుందని కనుగొన్న డీడీటీ గోడకు కొడితే నెలల తరబడి పనిచేస్తుంది. గుంట గుంటా వెతుక్కునే పని లేదు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగాయి. మీ ఇంట్లో తాతమ్మలు ఉంటే అడగండి. గోడల మీద తెల్లటి మందు కొట్టి, తలుపు మీద తేదీ రాసి వెళ్లిన మనుషులు వారికి గుర్తుండవచ్చు.

1976 వచ్చేసరికి కేసులు 64 లక్షలు దాటాయి. ఎందుకు? దీని మీద జరిగిన వాదన చరిత్ర విద్యార్థులు తెలుసుకోదగినది. జార్జియాన్ చాపిన్, రాబర్ట్ వాసర్‌స్ట్రోమ్ అనే ఇద్దరు 1981లో నేచర్ పత్రికలో, మధ్య అమెరికాలోనూ భారతదేశంలోనూ పొలాల్లో కుమ్మరించిన పురుగుమందులే దోమలకు నిరోధక శక్తి నేర్పాయని రాశారు. మలేరియా పరిశోధకుడు వి.పి. శర్మ, కీటక శాస్త్రజ్ఞుడు కె.ఎన్. మెహ్రోత్రా దాన్ని ఖండించారు. డీడీటీ కొరత, కార్యక్రమ నిర్వహణలోని లోపాలు అసలు కారణాలనీ, హరిత విప్లవం మీద నెపం వేయడం సరికాదనీ వారి వాదన. దేశం మొత్తానికి చూస్తే శర్మ, మెహ్రోత్రాల మాటలో బలం ఉంది. కానీ ఒక పంట మీద, ఒక ప్రాంతంలో చూస్తే మొదటి వాదనను తీసిపారేయలేం. దేశపు సాగుభూమిలో ఇరవయ్యో వంతు ఉన్న పత్తి, మొత్తం పురుగుమందుల్లో దాదాపు సగం తాగిన రోజులవి. ఆ పత్తి ఎక్కువగా పండిన చోట్లలో మన గుంటూరు, ప్రకాశం మైదానం ఒకటి.

3. పొగాకు, చామంతి

డీడీటీ రాకముందు ప్రపంచంలో ఎక్కువగా వాడిన పురుగుమందుల్లో మూడు మొక్కలవే: పొగాకు నుంచి నికొటిన్, ఒక రకం చామంతి నుంచి పైరిత్రమ్, డెర్రిస్ వేళ్ల నుంచి రోటెనోన్. మన వెంపలిలో ఉన్న పదార్థాలు ఈ రోటెనోన్ కుటుంబానివే.

పొగాకు సంగతి గుంటూరువారికి వేరే చెప్పాలా? 1920ల నుంచి ఇక్కడ వర్జీనియా పొగాకు పాతుకుపోయింది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగానే ఏర్పడింది. పొగాకు కాడల కషాయం పేనుబంక మీద కొట్టడం రైతులకు తెలిసిన పనే. దోమ డింభకాల మీద నికొటిన్‌నూ, దానికి దగ్గరి ఆల్కలాయిడ్లనూ పోల్చి పరీక్షించిన తొలి పరిశోధనల్లో ఒకటి 1933లో అమెరికాలో వచ్చింది. కాంప్‌బెల్, సలివాన్, స్మిత్ అనే ముగ్గురు చేశారు. ఏ మొక్క పదార్థం ఎంత గాఢతలో ఎన్ని డింభకాలను చంపుతుందో అంకెల్లో కొలవడం అప్పటికి కొత్త. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1925లో, డబ్ల్యూ.ఎస్. అబ్బాట్ ఇచ్చిన ఒక చిన్న సూత్రం ఇలాంటి లెక్కలకు ఆధారమైంది. మందు వేయని కప్పులో కూడా కొన్ని పురుగులు చస్తాయి కదా, ఆ చావులను తీసేసి లెక్క కట్టడం ఎలాగో అది చెబుతుంది.

ఇక్కడొక మాట. మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనుకోకండి. నికొటిన్ మనిషికి తీవ్రమైన విషం. నికొటిన్ సల్ఫేట్ వాడకాన్ని మన దేశంలో నిషేధించి, ఎగుమతి కోసం తయారీని మాత్రం అనుమతించారు. అది చదివినప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలియదు.

చామంతి కథ ఇంకా పొడవైనది. ఏడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియాలో పెరిగే తెల్ల చామంతి పూలను ఎండబెట్టి దంచిన పొడి పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ అంతా అమ్ముడైంది. జపానులో ఎయిచిరో ఉయెయామా దానితో 1890లో కడ్డీ చేశాడు. చుట్టలా చేస్తే ఎక్కువసేపు కాలుతుందని ఆయన భార్య యుకి సూచించింది. మీ ఇంట్లో ఉన్న దోమల చుట్ట అదే. మద్రాసు రాష్ట్రంలో, తంజావూరు జిల్లా పట్టుకోట ప్రాంతంలో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు చెందిన పాల్ రసెల్ 1930ల చివర పైరిత్రమ్‌ను ఇళ్లలో పిచికారీ చేసి మలేరియాను తగ్గించే ప్రయోగాలు చేశాడు. యుద్ధకాలంలో దిగుమతులు కష్టమై కాశ్మీరులోనూ నీలగిరుల్లోనూ ఈ చామంతి సాగు చేశారు.

పైరిత్రమ్‌కు ఒక లోపం. ఎండ తగిలితే గంటల్లో విరిగిపోతుంది. అది లోపమా, గుణమా? రసాయన శాస్త్రజ్ఞులు లోపమనే అనుకున్నారు. 1949లో దాని నమూనాలో అల్లెత్రిన్ తయారైంది. ఇంగ్లండులో మైకేల్ ఇలియట్ బృందం 1973లో ఎండకు నిలిచే పెర్మెత్రిన్‌నూ, ఆ వెంటనే డెల్టామెత్రిన్‌నూ తయారుచేసింది. వీటిని సింథటిక్ పైరిథ్రాయిడ్లు అంటారు. మొక్కలో ఎండకు చచ్చే అణువు, ఫ్యాక్టరీలో ఎండకు చావని అణువైంది. పొగాకు విషయంలోనూ అదే జరిగింది. నికొటిన్ పనిచేసే చోటనే పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ 1991లో మార్కెట్‌లోకి వచ్చింది. నేడు పత్తి, మిరప రైతు పచ్చదోమకూ తెల్లదోమకూ కొట్టేది ఆ కుటుంబం మందే.

4. 1987లో పత్తి చేను

1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చింది. 1980ల తొలి ఏళ్లలో వచ్చిన పైరిథ్రాయిడ్లు మొదట అద్భుతంగా పనిచేశాయి. ఆ నమ్మకంతోనే రైతులు పదిహేను, ఇరవై సార్లు కొట్టారు. మందులు మార్చారు, కలిపారు, గాఢత పెంచారు. పురుగు చావలేదు. అప్పు చేసి కొన్న మందు పనిచేయక, పంట పోయి, ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. కొందరు తాగింది చేలో కొట్టగా మిగిలిన ఆ మందునే. 1989లో ప్రచురితమైన పరిశోధనలు ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగుకు పైరిథ్రాయిడ్ల మీద నిరోధక శక్తి వచ్చిందని నిర్ధారించాయి.

దోమల పాఠంలో ఈ సంఘటన ఎందుకు? రెండు కారణాలు. మొదటిది, పైరిథ్రాయిడ్, డీడీటీ రెండూ పురుగు నాడిలోని సోడియం ద్వారాల మీదే పనిచేస్తాయి. ఒకదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్ని కూడా కొంత తట్టుకోవచ్చు. డీడీటీకి అలవాటుపడిన దోమ మీద తరువాతి కాలంలో మలేరియా కార్యక్రమం వాడింది డెల్టామెత్రిన్. గోడల మీద, దోమతెరల మీద అదే. 2000 తరువాత దేశంలో కొన్నిచోట్ల దానికీ నిరోధక శక్తి నమోదైంది. రెండోది, చేలో కొట్టిన మందు చేలో ఆగదు. వానకు జారి బోదెలోకి, బోదె నుంచి గుంటలోకి చేరుతుంది. అక్కడి డింభకం చచ్చేంత కాకపోయినా, చావును తట్టుకునే వాటిని ఏరివేసేంత మోతాదు దానికి తగలవచ్చు.

మీరు గమనించవలసినది: పైరిథ్రాయిడ్ తాత చామంతి. మొక్క అణువును తీసుకుని, ఒక్కటిగా శుద్ధి చేసి, ఎండకు నిలబెట్టి, చవగ్గా చేసి, ఊరంతా కొట్టారు. పురుగు నేర్చుకుంది. మొక్కకూ రసాయనానికీ మధ్య గీత గీసి ఒకవైపు నిలబడటం కన్నా, ఒకే అణువు, ఒకే చోట, పదేపదే అన్న అలవాటును అనుమానించడం మేలు.

5. వేప

1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేశాడు. ఆయన దృష్టి వైద్యం మీద. వేప పురుగుల సంగతి బయటపడింది మిడతల వల్ల. 1959లో సూడాన్‌లో మిడతల దండు అన్ని చెట్లనూ తిని వేపను వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రజ్ఞుడు హైన్రిచ్ ష్ముటరర్ చూశాడు. 1962లో ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాలకు మిడతలు వచ్చినప్పుడు ఎస్. ప్రధాన్, ఎం.జి. జోట్వానీ బృందం వేపగింజల పప్పు కలిపిన నీరు పైరు మీద కొట్టింది. మిడతలు వాలాయి, తినలేదు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ ఆ గుణానికి ప్రధాన కారణమైన అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. దాని నిర్మాణం తేలడానికి 1985 దాకా పట్టింది. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడం 2007లో గాని సాధ్యం కాలేదు, అదీ ఎన్నో దశల తరువాత. అంటే పైరిత్రిన్‌కు చేసినట్టు వేప అణువును ఫ్యాక్టరీలో చవగ్గా చేయడం కుదరలేదు. వేపకు ఇప్పటికీ చెట్టే దిక్కు.

డింభకం మీద అజాడిరక్టిన్ పనిచేసే తీరు తెలుసుకుంటేగాని తరువాతి చరిత్ర అర్థం కాదు. డింభకం నాలుగు సార్లు పొర విడిచి ప్యూపా అవుతుంది. పొర విడవమని చెప్పే హార్మోనును అజాడిరక్టిన్ తారుమారు చేస్తుంది. పురుగు వెంటనే చావదు. తిండి తగ్గిస్తుంది, పెరగదు, పాత పొరలో చిక్కుకుంటుంది, ప్యూపా అయినా దోమ కాలేదు. ఇందుకు రోజులు పడుతుంది. కానీ డింభక మందులను పరీక్షించే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక పద్ధతిలో ఒక్కో కప్పులో ఇరవై అయిదు డింభకాలు వేసి, 24 గంటల తరువాత చచ్చినవాటిని లెక్కపెడతారు. నిదానంగా పనిచేసే మందుల కోసం దోమలుగా మారినవాటిని లెక్కించే పద్ధతి వేరే ఉన్నా, చాలా పరిశోధనా పత్రాలు మొదటి లెక్కతోనే ఆగిపోతాయి. ఆ గడియారంతో కొలిస్తే వేప ఎప్పుడూ బలహీనమైన మందుగానే కనిపిస్తుంది.

మన దగ్గర జరిగిన పని తక్కువేమీ కాదు. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాల (నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రజ్ఞులు యు.ఎస్. మూర్తి, కైజర్ జమీల్ 1987లో వట్టివేళ్ల నూనెను క్యూలెక్స్ డింభకాల మీద పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. ఆ సంస్థలోనే తయారైన వేప మందు వేపసైడ్‌ను ఎలుకలకు ఇచ్చి దాని విషప్రభావాన్ని కూడా పరిశీలించారు. ఈ రెండో రకం పని తక్కువమంది చేస్తారు. అందుకే చెబుతున్నాను.

అన్నిటికన్నా పొలానికి దగ్గరగా వచ్చిన ప్రయోగం మధురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రానిది. డి.ఆర్. రావు, రేచల్ రూబెన్ బృందం 1992లోనూ 1995లోనూ ఫలితాలు ప్రచురించింది. సమస్య మెదడువాపు వ్యాధి. 1955లో వెల్లూరు ప్రాంతంలో మొదట గుర్తించిన ఈ జబ్బు తరువాత ఆంధ్ర జిల్లాల్లోనూ పిల్లలను బలితీసుకుంది. దాన్ని మోసే క్యూలెక్స్ పుట్టేది వరి మడిలో. మడి మడికీ ఎవరు మందు వేస్తారు? రైతు ఎలాగూ యూరియా వేస్తాడు. ఆ యూరియాకే వేపపిండి పట్టిస్తే? హెక్టారుకు 500 కిలోల వేపపిండిని విడిగానో, యూరియాకు పట్టించో వేశారు. పెద్ద డింభకాలు, ప్యూపాలు బాగా తగ్గాయి. మడిని మధ్యమధ్య ఆరబెడుతూ నీరు పెట్టినచోట ఇంకా తగ్గాయి. దిగుబడి కూడా పెరిగింది.

దోమ కోసం ఎవరూ అదనంగా పనిచేయనక్కర లేని పద్ధతి ఇది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయింది. అయితే దాని ఉద్దేశం నత్రజని నిదానంగా విడుదల కావడం, యూరియా పక్కదారి పట్టకుండా చూడటం. ఆ పూత పలుచన. మధురైలో వేసిన వేపపిండి మోతాదుతో దానికి పోలిక లేదు. వేపపూత యూరియా చల్లిన మడిలో దోమలు ఉండవని ఎవరైనా చెబితే ఈ తేడా గుర్తుచేయండి.

ఢిల్లీలో మలేరియా పరిశోధన కేంద్రం 1990లలో వేపనూనెను నీటిలో కలిపిన పాలలాంటి ద్రావణాన్ని కూలర్లలో, నిలవ నీటిలో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించింది. డింభకాలు తగ్గాయి, కానీ మందును మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చేది. అదే సంవత్సరాల్లో వేప మీద పేటెంటు పోరాటం నడిచింది. వేప నుంచి తీసిన శిలీంద్ర నాశినికి అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ కలిపి యూరప్ 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. పేపర్లలో అది పెద్ద వార్త. మధురై వరి మడి ఏ పేపరులోనూ అంత వార్త కాలేదు.

6. కప్పులో చచ్చిన పురుగు, గుంటలో

1991లో కుముద సుకుమార్, మరో ఇద్దరు చేసిన ఒక సమీక్ష అప్పటికే దోమల మీద పనిచేసే మొక్కలు మూడు వందలకు పైగా ఉన్నాయని చూపింది. ఆ తరువాత మన విశ్వవిద్యాలయాల్లోనే తులసి, జిల్లేడు, కానుగ, సీతాఫలం, వావిలి అంటూ ఎన్నో పత్రాలు వచ్చాయి. అయినా మీ పంచాయతీ కార్మికుడి డబ్బాలో అవి ఎందుకు లేవు? ఒక లెక్క చేసి చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి.

ఒక ఆకు సారం లీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢతలో సగం డింభకాలను చంపుతుందనుకోండి. పత్రాల్లో దీన్ని మంచి ఫలితం అంటారు. తుళ్లూరు దగ్గర ఒక పునాది గొయ్యి పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు నీటితో ఉందనుకోండి. అది 25 వేల లీటర్లు. సగం డింభకాలు చావడానికే రెండున్నర కిలోల సారం కావాలి. ఎండిన ఆకు బరువులో ఇరవయ్యో వంతు సారం దిగితే, యాభై కిలోల ఎండుటాకు. అదీ హెక్సేన్, మెథనాల్ వంటి ద్రావణిలో తీస్తే. ఇంట్లో నీటిలో కాచిన కషాయంలో ఆ పదార్థాలన్నీ దిగవు. వారం తిరిగేసరికి మళ్లీ యాభై కిలోలు. తాగునీటిలో కూడా అనుమతించిన టెమెఫాస్ మందుకు గరిష్ఠ మోతాదు లీటరుకు ఒక మిల్లీగ్రాము. అదే గొయ్యికి అసలు మందు 25 గ్రాములు సరిపోతుంది. కార్మికుడు ఏది మోసుకెళ్తాడో చెప్పనక్కర లేదు.

ప్రభుత్వ కార్యక్రమంలో మొక్కల సారానికి అసలు చోటే లేదనుకోకండి. డెంగీ వచ్చినప్పుడు ఇంట్లో పిచికారీ చేసేది రెండు శాతం పైరిత్రమ్ సారం, ఒక పాలుకు పంతొమ్మిది పాళ్ల కిరసనాయిలు కలిపి. నూటయాభై ఏళ్లు దాటిన అదే చామంతి. అయితే అది ఎగిరే దోమకు. డింభకాల వైపు టెమెఫాస్, బీటీఐ బాక్టీరియా, గంబూసియా చేపలు, ప్రతి శుక్రవారం నీళ్లు పారబోసే డ్రై డే.

ఇన్ని అడ్డంకులున్నా వేపను నేను పక్కన పెట్టను. అందులో అజాడిరక్టిన్ ఒక్కటే కాదు, పదుల కొద్దీ పదార్థాలు కలిసి ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి తట్టుకోవడం పురుగుకు కష్టం. ఎండకు విరిగిపోతుంది కాబట్టి తక్కువ మోతాదులో నెలల తరబడి నీటిలో మిగిలి దోమకు పాఠం చెప్పదు. 1987లో పత్తి చేలో మందుకు లేని గుణాలివే. అలాగని వేపను ఎంతైనా పోయవచ్చని కాదు, ఎక్కువైతే చేపలకూ కప్పపిల్లలకూ ముప్పే. పెద్ద గొయ్యికి అది కుదరదు. పూడ్చడమో తోడిపోయడమో దానికి మందు. ఇంటి వెనక మురుగు గుంటకు, పశువుల కొట్టం పక్క మడుగుకు, వరి మడికి కుదురుతుంది. ఆషాఢంలో వేపగింజలు ఏరి అమ్ముకునే ఆడవాళ్లు ఉన్న ఊళ్లలో ముడి సరుకు గుమ్మం ముందే ఉంది.

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి రాతపని రెండు భాగాలు. మొదటిది, 1987 నాటికి పత్తి వేసిన ఒక రైతును కలిసి ఆ సంవత్సరం ఏ మందులు, ఎన్నిసార్లు, ఎవరి సలహాతో కొట్టారో, అప్పు ఎవరి దగ్గర తెచ్చారో అడిగి రాయండి. ఆ సంవత్సరం వారింట్లో చావు జరిగి ఉండవచ్చు. వారు చెప్పదలచుకోనిది అడగకండి.

రెండోది. నాలుగు ప్లాస్టిక్ కప్పుల్లో గుంట నీరు, ఒక్కోదానిలో పాతిక డింభకాలు తీసుకోండి. నీటి మట్టానికి సమాంతరంగా తేలేది అనాఫిలిస్, తల కిందికి వాలి వేలాడేది క్యూలెక్స్ లేదా ఏడిస్. నీడలో ఆరిన వేపగింజల పప్పు యాభై గ్రాములు దంచి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి గుడ్డతో వడకట్టండి. రైతులు పైరు మీద కొట్టే అయిదు శాతం కషాయం ఇదే. రెండు కప్పుల్లో పదో వంతు కషాయం కలపండి. రెండింటిని అలాగే ఉంచండి. నోటికి దోమతెర గుడ్డ కట్టండి. ఒక రోజు తరువాత చచ్చినవాటిని లెక్కించండి. తరువాత పది రోజుల పాటు ఎన్ని దోమలయ్యాయో లెక్కించండి. కషాయం లేని కప్పుల్లో నూటికి పది చచ్చి, ఉన్నవాటిలో డెబ్బై చస్తే, అబ్బాట్ లెక్క ప్రకారం డెబ్బైలో పది తీసి, మిగిలిన అరవైని తొంభైతో భాగించాలి. అంటే నూటికి అరవై ఏడు. మొదటి రోజు లెక్క, పదో రోజు లెక్క పక్కపక్కన రాసి పంపండి. తెర విప్పే ముందు లోపలి దోమలను చంపి, మిగిలిన నీటిని ఎండిన నేల మీద పారబోయండి. బావిలోనో చెరువులోనో పోయకండి.